చీకటి గుంపు

గడ్డకట్టిన మందు కరగడానికి గంట పడుతుంది. ఎవరు తొందరపడినా, ఎంత పెద్ద డాక్టరు బయట నిలబడి గడియారం చూసుకున్నా, అది గంటకు ఒక్క నిమిషం ముందు కరగదు, వేడి తగిలిస్తే పాడవుతుంది, చేత్తో ఊపితే పాడవుతుంది, వెలుతురు పడితే మరీ పాడవుతుంది, అందుకే కిటికీకి నల్లతెర వేసి, గోడ మీద ఒక్క ఎర్రదీపం ఉంచి, సీసా ఉన్న రేకుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను, ఎదురుగా వాలుకుర్చీలో మా బావ. పది దాటి అయిదు నిమిషాలయింది. పదకొండుకు డాక్టరు వచ్చి తలుపు రెండుసార్లు తడతాడు, లోపల సీసా పట్టుకున్న మనిషి, అంటే నేను, రావచ్చు అంటేనే తెరవాలి, ఆ తరువాత సీసాలోది బావ చేతినరంలోకి ఎక్కుతుంది, ఇంకొన్ని గంటలకు అతని నాలుక మీద కాంతి పెడతారు. అంతా కాగితం మీద వరసగా ఉంది. ఆ కాగితం రాసింది నేనే. బావ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, నిద్రపోతున్నాడో లేదో తెలియకుండా వాలి ఉన్నాడు, అతనికి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, చెప్పడానికి యాభై అయిదు నిమిషాలున్నాయి, ఆరు నెలలుండగా చెప్పనిదాన్ని ఈ యాభై అయిదు నిమిషాల్లో చెబుతానని నాకే నమ్మకం లేదు.

“ఎలా ఉన్నానే మిణుగురూ, సినిమా హీరోలా ఉన్నానా?” అని అడిగాడు ఇందాక అద్దాలు పెట్టుకోగానే. ఒక్కొక్క మాటా నోట్లో దేనికో తగిలి, పక్కకు తప్పుకుని బయటికి వచ్చినట్టు వచ్చింది. “హీరో వెనకాల గొడుగు పట్టుకునేవాడిలా ఉన్నావు బావా,” అన్నాను. ఆ పరాచికం నా నోటికెలా వచ్చిందో తెలియదు, ముప్ఫై ఏళ్ళ అలవాటు మనిషిని అడిగి రాదు. బావ నవ్వబోయి ఆగిపోయాడు, నవ్వితే నాలుక పళ్ళకు తగులుతుంది, కుడిపక్క అంచు మీద పుండు, మొదట పన్ను గీసుకుందనుకుని రెండు నెలలు ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. పరీక్ష ఫలితం చేతికొచ్చిన రోజు అక్క, ఈయన నోరు మూయించడం ముప్ఫై ఏళ్ళుగా నావల్ల కాలేదే అని నవ్వుతూ మొదలుపెట్టి, ఆ మాట పూర్తికాకుండానే ఏడ్చింది. ఆపరేషన్ చేస్తే సగానికి పైగా తీసేయాలన్నారు. తీసేశాక మాటలు రావు, వచ్చినా మనకు అర్థం కావు, ఇక సైగలూ చీటీలూనే. మాట్లాడని బావను నేను ఊహించలేను. అతని ఫొటో స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చినవాడు కూడా అరగంట కబుర్లు విని, ఫొటో సంగతి మరిచిపోయి వెళ్ళిపోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అతని నోటివల్ల ఆ వీధి వీధంతా మంచిది. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందనీ అంటారు, ఆ సామెత మాత్రం నా గురించే. నా నాలుకకు ఏ జబ్బూ లేదు.

మిణుగురు అన్న పేరు ఆ స్టూడియోలోనే వచ్చింది. అక్క పెళ్ళయిన ఏడాది, నాకు పదకొండేళ్ళు, సెలవులకు వాళ్ళింటికి వెళ్ళి, ఫొటోలు కడిగే చీకటిగదిలోకి చెప్పాపెట్టకుండా దూరాను, చేతికి మా నాన్న వాచీ, చీకట్లో అంకెలు పచ్చగా మెరిసే వాచీ. “ఎవరే అది, మిణుగురుపురుగు!” అని బావ అరిచి కాగితాల పెట్టె మీద బోర్లా పడ్డాడు. ఇంత చిన్న మెరుపుకు కూడా పాడవుతాయా అని అడిగాను. పాడవుతాయో లేదో ఊహించకూడదే, చూడాలి అన్నాడు, అని చూపించాడు. వాడని కాగితం ఒకటి తీసి ఎర్రదీపం కింద పెట్టాడు, దాని మీద ఇంటి తాళంచెవి ఉంచాడు, అయిదు నిమిషాలు ఊరికే నిలబడ్డాం. ఫొటో లేదు, ఏమీ లేదు. తరువాత ఆ ఖాళీ కాగితాన్నే మందునీళ్ళ పళ్ళెంలో ముంచి ఊపుతూ, “తాళంచెవి బొమ్మ కనబడిందనుకో, మనది దొంగచీకటి. కనబడకపోతే అసలుచీకటి,” అన్నాడు. ప్రతి నెలా మొదటిరోజు అలా చూసేవాడు, దీపం కొత్తదైనా సరే, బయట జనం కేకలేస్తున్నా సరే. ఏమీ చేయనిదాన్ని కూడా కడిగి చూడాలి, అప్పుడే చేసినదాన్ని నమ్మగలం. తరువాత నేను చదివిన చదువంతా ఆ పళ్ళెంలోంచి వచ్చిందే. నా దగ్గర పనినేర్చుకునేవాళ్ళకు తాళంచెవి కథ ఏడాదికొకసారైనా చెప్పేదాన్ని, గర్వంగా చెప్పేదాన్ని. ఈ ఏడు కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పలేదు.

పెట్టె చల్లగా ఉంది, చీరలోంచి తొడలకు తగులుతోంది. లోపల ఉన్నది చూడటానికి ఎర్రటి నీళ్ళు. రోడ్ల పక్కన, రైలు పట్టాల పక్కన పెరిగే ఒక పిచ్చిమొక్క, పసుపుపచ్చ పూలు, మొగ్గను వేళ్ళతో నలిపితే ఎర్రటి మరక. ఆ మొక్క మేసిన గొర్రెలు నీడలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి, ఎండలోకి వచ్చాయా, ముక్కూ చెవులూ కాలినట్టు పొక్కిపోతాయి, గొర్రెలు కాసేవాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు, మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఎర్ర రసాన్ని మేము తాళంగా వాడుకున్నాం. తాళం వేసింది పొట్లాలకు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే పొట్లాలు, వాటిలోపల వేరొక చెట్టు బెరడునుంచి తీసిన విషం, పెరిగే కణం ఏది దొరికినా చంపేస్తుంది, మంచిదా చెడ్డదా అని చూడదు. పొట్లాలు ఒళ్ళంతా తిరిగి పుండులో ఎక్కువగా పేరుకుంటాయి, పుండు మీద కాంతి పెడితే అక్కడ మాత్రం తాళం తెరుచుకుని విషం పుండులోనే పడుతుంది, మిగిలినవి మూసినవి మూసినట్టే బయటికి పోతాయి. వినడానికి ఎంత బాగుంటుందో. పెద్ద పెద్ద సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. కానీ చీకట్లో ఆ తాళం తాళంలా ఉండాలి. ఉండకపోతే అది ఒట్టి విషం, నరంలోకి ఎక్కించిన విషం.

బావకు ఇదంతా వాళ్ళ వంటింటి బల్ల మీద వేళ్ళతో గీసి చెప్పాను. చివరిదాకా విని, “అయితే ఈ కథలో నేను గొర్రెనన్నమాట,” అన్నాడు. ఏం మాటలండీ అవి అని అక్క విసుక్కుంది. “తప్పేముందే, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందట, నేను నా మరదల్ని నమ్ముతున్నాను.” ముగ్గురం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను, నవ్వుతూ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను, నీళ్ళు తాగితే ముఖం కనబడదని.

పది ఇరవై. బయట అక్క గొంతు, నర్సుతో ఏదో అంటోంది, మా చెల్లెలే చేసిందమ్మా ఈ మందు అని చెబుతోంది కాబోలు, నిన్న లిఫ్టులో ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడతో కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడే గుర్తొస్తాడు. సిగ్గంటే బుగ్గలు వేడెక్కడం అనుకునేదాన్ని, ఏదో వచ్చి పోయేది. కాదు, ఇది వచ్చి కూర్చుంటుంది, అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుంటుంది, ఎవరైనా మెచ్చుకున్నప్పుడు లేచి నిలబడుతుంది. కక్కలేను, మింగలేను. మొన్న అద్దంలో బొట్టు పెట్టుకుంటూ నన్ను నేను చూడకుండా బొట్టు ఒక్కటే చూసుకుని పెట్టుకోవడం నేర్చుకున్నానని గమనించాను.

గడ్డలు పెంచిన పది ఎలుకలు. పాత పూతతో ఉన్న పొట్లాలకు చీకటి పరీక్షలు లెక్కలేనన్ని చేశాం, అన్నీ నెగ్గాయి, కానీ పాతపూత రెండువారాలకే చెడిపోయేది, నెలల తరబడి నిలవుండేలా కొత్తపూత వేశాం, పూత ఒక్కటేగా మారింది, చిన్న పరీక్ష చాలన్నారు. ఆరింటికి మందిచ్చి కాంతి పెట్టాం. నాలుగింటికి మందిచ్చి కాంతి పెట్టకుండా నల్లగుడ్డ కప్పిన పంజరంలో ఉంచాం, అది చీకటి గుంపు, ఏమీ చేయని గుంపు, బావ ఖాళీ కాగితం. ఆరింటికీ గడ్డలు కరిగిపోయాయి, మా గది అంతా మిఠాయి పంచుకున్నాం. నాలుగోరోజు నేను ఒక్కదాన్నే నల్లగుడ్డ కింద చూశాను, అక్కడా గడ్డలు కరుగుతున్నాయి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సంతోషం వేసింది, ఆ వెంటనే గుర్తొచ్చింది, అక్కడ కరగకూడదు. ఏడోరోజుకు ఆ నాలుగూ తిండి మానేశాయి, వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తొమ్మిదోరోజు ఒకటి చచ్చిపోయింది, కోసి చూస్తే కాలేయం పాలిపోయి, వేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తగా ఉంది. కొత్తపూత చీకట్లోనే విప్పుకుంటోంది. అంతే. తాళంచెవి బొమ్మ పళ్ళెంలో తేలింది, ఎంత స్పష్టంగా తేలాలో అంత స్పష్టంగా.

మందును మనుషుల మీద వాడి చూడటానికి అనుమతి కాగితాలు ఆ రోజే పైకి వెళ్ళాలి. మూడేళ్ళ పని, ఎనిమిదిమంది కష్టం, మా పెద్దసారు పొద్దుటినుంచి నాలుగుసార్లు ఫోను చేశారు. అంతకు రెండురోజుల ముందు ఉదయం నల్లగుడ్డ ఒక మూల ముడత పడి ఉండటం చూశాను. ముడత. అంతే. ఆ ముడతను పట్టుకుని వేలాడాను. చీకటి గుంపు, గుడ్డ జారి వెలుతురు సోకినందువల్ల లెక్కలోంచి తీసివేయడమైనది, అని రాశాను. తీసివేయడమైనది. తీసేశాను అని కూడా రాయలేదు, ఎవరో తీసేసినట్టు, గాలి తీసేసినట్టు. గుడ్డ జారిందా అని అడిగారు పెద్దసారు. జారింది సార్ అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, అడగకూడదని ఆయనకూ తెలుసేమో, ఆ ఊహతో కొన్నాళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను, దొంగతనంలో వాటా పంచుకునేవాడుంటే బరువు తగ్గుతుందన్నట్టు. మళ్ళీ చేద్దాం అనుకున్నాను. వచ్చేవారం, పైనెల. చేస్తే ఏం కనబడుతుందో తెలుసు కనకే చేయలేదు. బావ కోసం చేశాననీ చెప్పుకోలేను, బావ నాలుక అప్పటికి బాగానే ఉంది, ఆదివారాలు ఫోనులో గంటలు గంటలు మాట్లాడేవాడు.

గుడ్డ జారడానికి వీల్లేదు. జంతువుల గది చూసుకునే పెద్దాయనను మేమంతా పిన్నీసుల పెద్దాయన అనేవాళ్ళం, చొక్కా జేబు అంచుకు ఎప్పుడూ పది పిన్నీసులు గుచ్చుకుని ఉండేవి, పంజరం మీద గుడ్డ కప్పితే మూలకొకటి, మధ్యలో ఒకటి పెట్టేవాడు, పెట్టి లాగి చూసేవాడు. ఎలుకల్ని పిల్లలు అనేవాడు. పిల్లలు పడుకున్నాయమ్మా, లైటెయ్యకండి. నేను రాసిన వాక్యం పైవాళ్ళు చదివారు, గుడ్డ ఎవరు కప్పారని అడిగారు, ఆయన చేతికి మందలింపు కాగితం ఇచ్చి సీసాలు కడిగే చోటికి మార్చారు, ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషిని. వెళ్ళేముందు నా గదికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడి ఉంటే బాగుండేది.

“నేను పిన్నీసులు పెట్టలేదా అమ్మా?” అని అడిగాడు. నిజంగానే అడిగాడు, నాకు తెలుస్తుందని. “పెట్టాననే అనుకున్నా. ఈమధ్య మతిమరుపొస్తోంది. మా ఇంట్లో కూడా అంటున్నారు. నావల్ల ఆ పిల్లలు ఊరికే పోయాయి కదా.”

“పోనీలెండి,” అన్నాను, “ఎవరికైనా జరుగుతుంది.” పోనీలెండి అన్నాను. నేను, ఆయన్ని, క్షమించినట్టు మాట్లాడాను. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ సీసాలు కడిగే గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే నేను మెట్లెక్కి చుట్టూ తిరిగి వెళతాను, ఆ చుట్టు తిరుగుడుకు కాళ్ళనొప్పులని చెబితే మా ఆయన మోకాళ్ళకు పట్టీ కొనుక్కొచ్చాడు, ఆ పట్టీ కూడా వేసుకుంటున్నాను.

పది ముప్ఫై అయిదు. బావ చెయ్యి కదిలింది, పొట్ట మీంచి జారి కుర్చీ చేతి మీద పడింది, ఆ వేళ్ళ గోళ్ళు ఇంకా కాస్త గోధుమరంగే, మందునీళ్ళ మరక జన్మలో పోదని నవ్వేవాడు. అక్క నన్ను బతిమాలిన రోజు కూడా ఆ చేతినే పట్టుకుని కూర్చుంది. నువ్వేదో చేశావుగా, కాంతితో పనిచేసే మందు, బావకి ఇప్పించవే, నాలుక మిగులుతుందంటున్నారుగా. అప్పుడు చెప్పొచ్చు. వద్దక్కా, అది ఇంకా సరిగ్గా రాలేదు అంటే సరిపోయేది, ఎందుకని కూడా అడిగేది కాదు అక్క. చూస్తానక్కా అన్నాను. అంతకన్నా సిగ్గుచేటు, ఆ మాట అంటున్నప్పుడు నా ఒళ్ళు పొంగింది. పదకొండేళ్ళప్పుడు ఎవరి వెనకాల తిరిగి విద్య నేర్చుకున్నానో అతనికి నేను చేసిన మందు. నిజం తెలిసిన బుర్ర ఒకటి, పొంగిన ఒళ్ళు ఒకటి, రెండూ నావే, ఒకదానికొకటి ఎదురుపడకుండా నాలుగు వారాలు కాపురం చేశాయి. అతని పేరు జాబితాలో చేరింది, బంధువునని రాసిచ్చాను, అభ్యంతరం లేదన్నారు, ఆ ఒక్క కాగితం మీద మాత్రం నిజమే రాశాను. ఇతర మనుషులు కూడా ఉన్నారు జాబితాలో, ఇంకా అయిదుగురు, వచ్చే నెలనుంచి, వాళ్ళెవరో నాకు తెలియదు, తెలియనివాళ్ళ కోసం నాకు నిద్రపట్టకపోవడం ఎప్పుడూ జరగలేదన్నది కూడా నిజమే, బావ కనక పట్టలేదు. ఈ మందు కోసమే అతని ఆపరేషన్‌ను మూడువారాలు వెనక్కి జరిపారు.

అంగీకారపత్రం మీద సంతకం పెట్టే రోజున బావ కళ్ళద్దాలు తుడుచుకుని పదకొండు పేజీలూ చదివాడు. అందరూ చివరి పేజీ తిప్పి ఎక్కడ పెట్టాలంటారు, బావ చదివాడు. పెన్ను మూత తీసి, నా వైపు చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “చీకట్లో పెట్టి చూశారా?”

చూశాం బావా అన్నాను. అబద్ధం కాదు. చూశాం. బావ సంతోషంగా తలూపి, నా చదువుకు తానే గురువన్నట్టు డాక్టరు వైపు కాస్త గొప్పగా చూసి, సంతకం పెట్టాడు. ఆ చూపు నేను చూశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను కళ్ళు తెరుచుకునే తాగాను.

పది నలభై రెండు. ఇప్పుడొక ఆలోచన వచ్చింది, వచ్చిందనడం కూడా దొంగమాటే, పొద్దున్న ఈ గదిలోకి అడుగుపెట్టి నల్లతెర చూసినప్పుడే వచ్చింది. సీసాను పెట్టెలోంచి తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, తెరను వేలెడంత పక్కకు జరిపితే చాలు. బయట మంచి ఎండ. రెండు నిమిషాల్లో మందు చెడిపోతుంది, డాక్టరు వచ్చాక, అయ్యో, తెర జారింది అంటాను. ఇంకో సీసా సిద్ధం కావడానికి నెల పడుతుంది, అంతవరకు ఆగలేరు, బావకు ఆపరేషన్ చేసేస్తారు, విషం లోపలికి ఎక్కదు, నేను చేసింది బయటికి రాదు, మిగతా అయిదుగురి సంగతి తరువాత ఏదో ఒకటి చూడొచ్చు. నేను లేచాను. చెప్పులు చప్పుడవుతాయని విడిచేశాను. పెట్టె మూత తీశాను, సీసాకు చుట్టిన వెండిరేకు ఒక చివర విప్పాను, కిటికీ దగ్గర నిలబడి తెర అంచు పట్టుకున్నాను. ఆ తెరకు టేపు అంటించి ఉంది, నాలుగువైపులా, ఒకదాని మీద ఒకటి రెండు వరసలు. పొద్దున్న నర్సు కుర్చీ ఎక్కి అంటించింది, చిన్నపిల్ల, అంటించి లాగి చూసుకుంది. తెర ఎవరు కట్టారని అడుగుతారు. ఆ పిల్లను పిలుస్తారు. గట్టిగానే అంటించాననుకున్నానండీ అంటుంది, తరువాత ఇంటికెళ్ళి, సరిగ్గా అంటించానా లేదా అని తనలో తాను వెతుక్కుంటుంది. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది, నా వేళ్ళను చూస్తే వేసింది.

“ఏంటే అక్కడ?” అన్నాడు బావ.

నిద్రపోలేదు. రేకు మళ్ళీ చుట్టాను, మూత పెట్టాను, వచ్చి కూర్చోబోయి కూర్చోలేక అతని కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాను, పెట్టె నా పక్కన.

“బావా, చీకట్లో పెట్టి చూశారా అని అడిగావు, గుర్తుందా?”

“చూశామన్నావు.”

“చూశాం. ఏమైందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగు పెట్టాం బావా. నాలుగూ పాడైపోయాయి. ఒకటి చచ్చిపోయింది. మందు చీకట్లోనే బయటికొచ్చేస్తోంది. గుడ్డ జారి అలా అయిందని రాశాను. జారలేదు. ఇది ఎక్కిస్తే నీకేమవుతుందో నాకు తెలీదు. ఏమీ కాకపోవచ్చు, నీ కాలేయం పోవచ్చు. నిజంగా తెలీదు.”

ఒక్క గుక్కలో వచ్చేసింది, ఆరు నెలలు మోసింది ఇంత పొట్టి మాటలా అనిపించింది. బావ నల్లకళ్ళద్దాలు తీశాడు. ఎర్రదీపంలో అతని ముఖం నాకు బాగా తెలిసిన ముఖం, నా చిన్నతనమంతా ఈ వెలుతురులోనే చూసిన ముఖం, కానీ నన్ను చూసిన తీరు కొత్తది.

“నీకెప్పుడు తెలుసు?”

“ఆర్నెల్ల కిందట.”

“నాకు పుండు రాకముందే.”

“రాకముందే.”

“మరి నన్నెందుకు రానిచ్చావే?”

అక్క ఏడ్చిందని, నీ మాట పోతుందని, ఒకవేళ మనుషుల్లో బాగానే పనిచేస్తుందేమోనని, ఇన్ని జవాబులు ఉన్నాయి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం నిజమే. అసలుది వేరు. “సిగ్గేసింది బావా. నిన్ను వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ముందు చేసింది బయటపడుతుంది. అందుకని.”

బావ మాట్లాడేముందు నాలుకను పళ్ళకు తగలకుండా సర్దుకోవడం కనబడింది. “అడిగుంటే ఒప్పుకునేవాణ్ణేమో,” అన్నాడు. “నాలుక పోతుందంటే మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. కానీ నన్నడగాలి కదే. నాలుక నాది.”

“నన్ను...” అన్నాను. క్షమించు అనబోయాను. బావ చెయ్యెత్తి ఆపాడు.

“డాక్టరుకి నువ్వే చెప్పు. నేను చెప్పను. నాకింక నాలుగు మాటలు మిగిలాయి. అవి మీ అక్కతో మాట్లాడుకోవాలి. నీ మీద ఖర్చుపెట్టను.”

ఆ తరువాత పది నిమిషాలో, పన్నెండు నిమిషాలో. నేను నేల మీదే ఉన్నాను. తిట్టి ఉంటే తిట్లను పట్టుకుని ఏడ్చేదాన్ని, చెయ్యి పట్టుకుని ఉంటే చెయ్యి పట్టుకుని ఏడ్చేదాన్ని, ఏదీ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. సీసాలు కడిగే గది దగ్గరికి ఇవాళే వెళ్ళాలి, మెట్లు ఎక్కకుండా, తిన్నగా, ఆయన చేతులు తడిగా ఉంటాయి, తుడుచుకునేదాకా ఆగాలి, పిన్నీసులు పెట్టారండీ, మీరు పెట్టారు, నేను చూశాను, అని చెప్పాలి. అయిదుగురికి ఫోన్లు. పెద్దసారుకు. చెప్పాక నన్ను ఏం చేస్తారో కూడా ఆలోచించాను, ఆలోచిస్తే అది చిన్నదిగా కనబడింది, ఇంతకాలం దాన్నే కొండంత చేసుకుని దాని వెనక దాక్కున్నాను. బావ మళ్ళీ అద్దాలు పెట్టుకోలేదు. పైకప్పు వైపు చూస్తూ పెదవులు కదుపుతున్నాడు, శబ్దం లేకుండా, అక్కతో అనబోయేదేదో ముందే అనుకుని చూసుకుంటున్నట్టు ఉంది.

తలుపు మీద రెండుసార్లు చప్పుడు. రావచ్చు అనలేదు. లేచి నేనే తలుపు బార్లా తీశాను, వరండాలోని పగటి వెలుతురంతా లోపలికి వచ్చి పడింది, కళ్ళు మూసుకుపోయాయి.

“అయ్యో, మందు!” అన్నాడు డాక్టరు.

“ఇది ఎక్కించకూడదండీ. ఎవరికీ ఎక్కించకూడదు. ఎందుకో చెబుతాను, కూర్చోండి.”

డాక్టరు వెనకాల అక్క, సంచి చంకన పెట్టుకుని, మునివేళ్ళ మీద లేచి లోపలికి చూస్తోంది. “అప్పుడే అయిపోయిందా? నొప్పి పుట్టలేదుగా ఆయనకి?” అంది. నేను నోరు తెరిచేలోగా లోపలినుంచి బావ పిలిచాడు, “ఇలా రావే ఒకసారి,” ప్రతి రోజూ పిలిచేట్టే పిలిచాడు. అక్క నా భుజం తట్టి, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. కుర్చీ లాక్కున్న చప్పుడు, బావ మాట, మెల్లగా, ముద్దముద్దగా, ఏమన్నాడో నాకు వినబడలేదు, అక్క పకపకా నవ్వింది, ఇంకా ఏమీ తెలియదు కనక నవ్వింది. డాక్టరు వరండాలో నా ఎదురుగా బల్ల మీద కూర్చుని చెప్పండి అన్నాడు. ఆ నవ్వు వినబడుతుండగానే చెప్పడం మొదలుపెట్టాను.